చంకలో పిల్ల

నేనేం పని చేస్తానో మా తాండాలో ఇప్పటికీ సరిగ్గా చెప్పగలిగినవాళ్లు తక్కువ. మా యాడి "కాళ్లు సాపుజేసే డాక్టరమ్మ" అంటుంది. మా బాపు బతికున్నన్నాళ్లూ "దవాఖానల నౌకరీ" అన్నాడు, అంతకు మించి అడగలేదు. పెండ్లిచూపులకు వచ్చినవాళ్లు "నర్సా?" అన్నారు. ఫిజియోథెరపీ అనే మాటను మా గోర్‌బోలిలోకి దించాలని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, కుదరలేదు. అందులోనూ పిల్లల ఫిజియోథెరపిస్టునంటే "పసిపిల్లలకు కాళ్లనొప్పులేంది?" అని నవ్వుతారు.

నొప్పి కాదు. నెలలు నిండక ముందే పుట్టిన పిల్ల, పుట్టగానే ఏడవని పిల్ల, పుట్టిన రెండు మూడు రోజుల్లో పసిరికలు బాగా ముదిరిన పిల్ల, వీళ్లలో కొందరికి మెదడులో కదలికలను నడిపే భాగం దెబ్బతింటుంది. మెడ నిలపాల్సిన నెలలో నిలపరు. కూర్చోవాల్సిన నెలలో కూర్చోరు. చంకల కింద పట్టుకుని నిలబెడితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి, మడమలు నేలకు ఆనవు. డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అంటారు. తాండాలో గాలి సోకిందంటారు. ఊళ్లో పోలియో అంటారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో మనకు పోలియో లేదని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. అయినా కాలీడ్చే ప్రతి పిల్లా మనవాళ్లకు పోలియో పిల్లే. ఒక రకంగా వాళ్లనీ తప్పుపట్టలేం. మన దేశంలో మా చదువు కూడా 1950ల మొదట్లో బొంబాయిలో, పోలియో విజృంభించిన రోజుల్లోనే మొదలైంది.

సెరిబ్రల్ పాల్సీని పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ ఆ పిల్లను ఎలా ఎత్తుకుంటారు, ఎలా కూర్చోబెడతారు, రోజుకు ఎంతసేపు నిలబడనిస్తారు, పదేళ్లొచ్చేసరికి ఆమె ఒళ్లు ఎలా తయారవుతుందనేది చాలావరకు వీటి మీద ఉంటుంది. ఇవి చూడటమే నా పని. ఈ పని నాకు పుస్తకాలు కొంత నేర్పాయి, మా తాండావాళ్లు కొంత నేర్పారు. మధ్యలో నా తప్పు వల్ల ఒక పిల్ల నష్టపోయింది. ఆ తప్పు రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

మాది నారాయణఖేడ్ వైపు. దీపావళి దాటితే తాండా సగం ఖాళీ. చెరుకు కొట్టడానికి ఎడ్లబండ్లు కట్టుకుని పోతారు, ఎండలు ముదిరాక వస్తారు. నన్ను మాత్రం మా బాపు ఆశ్రమ పాఠశాలలో వేశాడు కాబట్టి నా చేతికి కొడవలి రాలేదు. ఇంటర్ తర్వాత ఎంబీబీఎస్ సీటు రాలేదు, బీపీటీలో వచ్చింది. అదేమిటో తెలియకుండానే చేరాను. నాలుగున్నరేళ్ల చదువు అది, ఆఖరి ఆరు నెలలూ ఇంటర్న్‌షిప్. హాస్టల్లో మొదటి నెలలోనే "మీ భాషల ఏదన్న మాట్లాడు" అని అడిగారు. మాట్లాడాను. గదంతా నవ్వింది. చెడ్డవాళ్లేం కాదు, తర్వాత వాళ్లే నాకు నోట్సు ఇచ్చారు. కానీ ఆ రోజు మూసిన నోరు నేను చాలా ఏళ్లు తెరవలేదు. సెలవులకు ఇంటికి ఫోన్ చేయాలంటే రోడ్డు చివరి ఎస్టీడీ బూత్‌కు పోయేదాన్ని, హాస్టల్ ఫోన్లో గోర్‌బోలి మాట్లాడాల్సి వస్తుందని. నా పేరు చివర "బాయి" ఉంది. పదో తరగతి మెమోలోనే ఉంది కాబట్టి తీసేయలేకపోయాను. ఉద్యోగంలో చేరాక నేమ్‌ప్లేట్ మీద మాత్రం రాయించలేదు.

2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షించి, ఎదుగుదల వెనకబడినవాళ్లను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలన్నది అందులో ఒక భాగం. మేం డీఈఐసీ అంటాం. అలాంటి ఒక కేంద్రంలో కాంట్రాక్టు మీద చేరాను. పెద్ద గది, రంగురంగుల చాపలు, గోడకు అద్దం, పెద్ద రబ్బరు బంతి, రెక్సిన్ తొడిగిన గుండ్రటి దిండ్లు. 2015లో వానలు వెనకబట్టిన రోజుల్లో ఆ గదిలోకి ఒక తల్లి వచ్చింది. ఒంటి మీద ఫేటియా, కాంచళి, తల మీద టుక్రి. చంకలో రెండున్నరేళ్ల పిల్ల. తలుపు దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, చాప మీద కాలు పెట్టాలా వద్దా అని చూస్తూ నిలబడింది.

ఆమె మా మనిషని నాకు ఒక్క చూపులో తెలిసింది. "యాడీ, ఆవ్, బేస్" అంటే చాలు. రా, కూర్చో అని. రెండు మాటలు. గదిలో స్పీచ్ థెరపిస్టు ఉంది, డేటా ఎంట్రీ అబ్బాయి ఉన్నాడు, ఎవరో ఆఫీసరు వచ్చి రిజిస్టరు చూస్తున్నాడు. నేను తెలుగులో "రామ్మా, కూర్చో" అన్నాను. అదీ పుస్తకం తెలుగు.

పిల్లను చూశాను. రెండు కాళ్లు బిగుసుకున్నాయి, చేతులు మేలు, మాటలు వస్తున్నాయి, కళ్లు చురుగ్గా ఉన్నాయి. నేలను పట్టుకుని పాకుతోంది, మోకాళ్లు లోపలికి మడిచి కప్పలా కూర్చుంటోంది. ఇలాంటి పిల్లలను మేం ఐదు మెట్లుగా విడదీస్తాం. ఈ పిల్ల మూడో మెట్టు. అంటే పట్టుకుని నడిచే అవకాశం ఉన్న పిల్ల. నేను చక్కగా వివరించాను. తొడల లోపలి కండరం సాగదీయాలి, ముప్పై సెకన్లు పట్టి ఉంచాలి, రోజుకు మూడుసార్లు. బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చాను. వారానికి రెండుసార్లు తీసుకురమ్మన్నాను. ఆమె అన్నిటికీ తలూపింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కాంచళిలో దోపుకుంది.

మూడుసార్లు వచ్చింది. తర్వాత రాలేదు. మళ్లీ ఏప్రిల్లో కనిపించింది, ఎండకు నల్లబడి, అరచేతులు చీరుకుపోయి. ఆ చేతులు చూస్తే ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియాలి. మా యాడి చేతులు అవే. కానీ నేను ఆ రోజు రిజిస్టరులో ఖాళీ గళ్లు చూశాను. "ఇన్ని నెలలు మాన్పిస్తే ఎట్లమ్మా? పిల్ల మీద పావురం లేదా?" అన్నాను. పావురం అనే మాట ఎందుకు వాడానో, మా మెదక్ మాట గుచ్చుకుంటుందని తెలిసే వాడానేమో. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర రాలేదు.

2017 చివర్లో ఆశా వర్కరు బలవంతాన తీసుకొచ్చింది. పిల్లకు నాలుగున్నరేళ్లు దాటాయి. బట్టలు మార్చేటప్పుడు ఏడుస్తోందట, కుడి కాలు పక్కకు తీయనివ్వడం లేదట. నేను పడుకోబెట్టి మోకాళ్లు మడిచి చూశాను. కుడి మోకాలు ఎడమ దాని కంటే కిందికి ఉంది. ఎక్స్‌రే రాకముందే అర్థమైంది.

తుంటి కీలు అంటే ఒక గిన్నెలో బంతి. పుట్టినప్పుడు గిన్నె లోతు తక్కువగా ఉంటుంది. పిల్ల నిలబడుతూ, నడుస్తూ, బరువు మోపుతూ ఉంటేనే అది సరైన ఆకారానికి వస్తుంది. తొడ కండరాలు బిగుసుకుని కాళ్లను ఎప్పుడూ లోపలికి లాగుతుంటే, బంతి మెల్లమెల్లగా గిన్నెలోంచి బయటికి జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, అదే ప్రమాదం. అందుకే ఇలాంటి పిల్లలకు రెండేళ్ల నుంచే మధ్యమధ్య ఎక్స్‌రే తీసి చూడాలంటారు. బంతిలో మూడో వంతు బయటికి వచ్చిందంటే కీలు ప్రమాదంలో ఉన్నట్టు. ఈ పిల్లకు మొత్తం బయటే ఉంది. నేను మొదటి రోజు ఎక్స్‌రే రాయించలేదు. వారానికి రెండుసార్లు వస్తుంది కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆ రోజు గదిలో ఎవరూ లేరు. లేరు కాబట్టే మాట్లాడానని ఒప్పుకోవాలి. గోర్‌బోలిలో చెప్పాను, ఆపరేషన్ అవసరం పడుతుందని, హైదరాబాద్ పోవాలని. ఆమె ఆపరేషన్ గురించి అడగలేదు. నా మొహం వైపు చాలాసేపు చూసి, "తూ గోర్ ఛి కాయి?" అంది. నువ్వు మనదానివా అని.

అవునన్నాను. ఏ తాండా అంది. చెప్పాను. మా బాపు పేరు అడిగింది. చెప్పాను. మా మేనత్త వాళ్ల తాండాకే ఇచ్చారని తేలింది. వరసకు నాకు అక్క అవుతుంది. అప్పుడంది, కోపం లేకుండానే, "అప్పుడే తెలిస్తే అడిగేదాన్ని గద. బండి మీద ఉన్నప్పుడు గూడ చెయ్యొచ్చా, ఎట్ల చెయ్యాలె అని. నువ్వు చాప మీద చేసి చూపిచ్చినవ్. మాకు చాప లేదు. చాప లేకుంటే చెయ్యొద్దేమో అనుకున్న."

కాగితం ఏం చేశావని నేను అడగలేదు. ఆమెకు చదువు రాదని నాకు మొదటి రోజే తెలుసు.

ఇంతకీ నా ముందు నిలబడ్డ మొదటి రోజున ఆ తల్లి పిల్లను ఎలా ఎత్తుకుని వచ్చింది? ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు, నడుముకు అటూ ఇటూ వేసుకుని. తాండాలో అందరు తల్లులూ అలాగే ఎత్తుకుంటారు. కాళ్లు కత్తెర పడే పిల్లకు నేను నేర్పాల్సిన మొదటి పాఠం అదే. తొడలు విడిపడి ఉంటాయి, తుంటి గిన్నెలో కుదురుకుని ఉంటుంది, వీపు నిలుస్తుంది. రోజుకు మూడుసార్లు ముప్పై సెకన్లు కాదు, గంటలకు గంటలు. ఆమె అప్పటికే చేస్తున్న పనిని చూపించి "ఇదే మందు, ఇది మానొద్దు" అని చెప్పి ఉంటే సరిపోయేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా చదువు. ఆమె ఆ సాగదీసే కసరత్తుల కోసమే పిల్లను పడుకోబెట్టింది. పిల్ల బరువెక్కాక ఎత్తుకోవడం మాని బట్ట ఉయ్యాలలో వేసింది. ఆ ఉయ్యాల గుడ్డ రెండు కాళ్లనూ దగ్గరికి నొక్కేస్తుంది.

ఆ చలికాలం సెలవు పెట్టి చెరుకు తోటల దగ్గరికి పోయాను, అక్కవాళ్ల గుడిసెకు. చీకటితోనే లేచి తోటలోకి పోతారు, పసిపిల్లలను గట్టు మీద పెద్దపిల్లల దగ్గర వదిలి. మధ్యాహ్నం మోపులు కడతారు, సాయంత్రం బండి నింపి ఫ్యాక్టరీకి తోలుతారు. ఈ దినచర్యలో ఎక్కడ దూర్చాలి కసరత్తు? దూర్చడానికి చోటు లేదు. ఉన్నదాంట్లోనే వెతకాలి. చెరుకు కొసల ఆకును మోపు కట్టి, మీద గోనెసంచి చుట్టి, పిల్లలను గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టాం. మా కేంద్రంలో రెక్సిన్ దిండు చేసే పని అది చేసింది. ఎడ్లు విప్పేసిన బండికి పక్క కర్రలు ఉంటాయి. వాటిని పట్టుకుని నిలబడి, బండిలో వేసిన జొన్నరొట్టె ముక్క అందుకోవాలి. అది నిలబడే కసరత్తు. అక్కడ ఇలాంటి పిల్లలు ఇంకో ఇద్దరు కనిపించారు. వాళ్లలో ఒకడికి ఏడాదిన్నర. వాడి ఎక్స్‌రేలు ఆ తర్వాత వరసగా తీయించాను. వాడి తుంటి బాగుంది, వాకర్ పట్టుకుని బడికి పోతున్నాడు.

అక్క కూతురికి మరుసటి ఏడు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది. కూర్చోవడం బాగైంది. నడక రాలేదు.

తర్వాత ఒక కాలేజీలో పిల్లల ఫిజియోథెరపీ పాఠం చెప్పడానికి పిలిచారు, వారానికి రెండు రోజులు. మొదటి క్లాసులో నేను బోర్డు ముట్టను. పది నిమిషాలు గోర్‌బోలిలో మాట్లాడతాను. కాలు ఎలా పట్టుకోవాలి, ఎంతసేపు, ఏది చేయకూడదు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, అన్నీ శ్రద్ధగా చెబుతాను. చివర్న తెలుగులో "అర్థమైంది కదా, ఇంట్లో రోజుకు మూడుసార్లు చేయండి, రెండు వారాల తర్వాత చూస్తా" అంటాను. మొదట నవ్వుతారు, తర్వాత నవ్వు ఆగుతుంది. ఒక ఏడు వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. క్లాసయ్యాక వరండాలో నా వెనకే నడిచొచ్చి, "మేడమ్, మాది భద్రాచలం అవతల. మేం కోయోళ్లం" అంది, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ అమ్మాయితో పరీక్షకు ముందు ఒక పని చేయించాను. వాళ్ల గూడెంలో పసిపిల్లలను ఎత్తుకునే తీరు, కూర్చోబెట్టే పీటలు, పడుకోబెట్టే ఉయ్యాలలు, అన్నీ వాళ్ల నాయనమ్మను అడిగి, బొమ్మలు గీసి, కోయ మాటలతో రాసుకు రమ్మన్నాను. సిలబస్‌లో లేదన్నారు తోటివాళ్లు. లేదు నిజమే. 1987లో డేవిడ్ వెర్నర్ రాసిన డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్ అనే పుస్తకంలో కర్రలతో, తాళ్లతో, పాత టైర్లతో పల్లెల్లోనే చేసుకునే సాధనాలు వందల బొమ్మలతో ఉన్నాయి. మెక్సికో కొండ పల్లెల్లో పనిచేసి రాసిన పుస్తకం. అదీ మా సిలబస్‌లో లేదు. లైబ్రరీలో పెట్టించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మా వృత్తి సంఘంలోనూ తిరిగాను, ఇప్పటికీ తిరుగుతున్నాను. నర్సులకు 1947లో, ఫార్మసిస్టులకూ దంతవైద్యులకూ 1948లో కేంద్ర చట్టాలు వచ్చాయి. మాకు 2021 దాకా లేదు. ఆ ఏడు మార్చిలో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చినప్పుడు మావాళ్లు మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. చట్టం లేకపోతే ఎవరు థెరపిస్టో ఎవరు కాదో చెప్పేవాళ్లుండరు, మూడు నెలల కోర్సు చేసినవాడు పసిపిల్ల కాలు విరిచినా అడిగేవాళ్లుండరు. కానీ మా సమావేశాల్లో సగం కాలం పేరు ముందు డాక్టరు అని రాసుకోవచ్చా లేదా అన్నదాని మీదే పోతుంది. 2025 సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినం జరుపుకున్నాం. మర్నాడే రాసుకోవద్దని ఢిల్లీ నుంచి ఉత్తరం, ఆ మర్నాడు దాన్ని వెనక్కు తీసుకుంటూ ఇంకో ఉత్తరం. వాట్సాప్ గ్రూపులు వారం పాటు కాలిపోయాయి. నాకు ఆ గౌరవం అక్కర్లేదని అనను. మా యాడి ఎలాగూ డాక్టరమ్మ అనే అంటుంది. కానీ నేను లేచి మాట్లాడిన ప్రతిసారీ అడిగింది ఒక్కటే. జిల్లా కేంద్రంలో ఒక పోస్టు పెట్టి, ఎనభై కిలోమీటర్ల అవతలి తాండా తల్లిని వారానికి రెండుసార్లు రమ్మనడం వైద్యమా? ఆ పోస్టు మండలానికి ఎందుకు రాదు? ఏడాదికోసారి రెన్యువల్ కోసం చూసుకునే కాంట్రాక్టు మనిషి ఒక పిల్లను పదేళ్లు ఎలా కనిపెట్టుకుని ఉంటుంది?

ఇదే మాట మీద ఒకసారి అర్జీ పట్టుకుని పోతే, ఒక పెద్దసారు మంచిగానే విన్నాడు. విని, "తాండాల్లో ఇట్లాంటి పిల్లలు ఎందరుంటారమ్మా? లెక్కుందా?" అన్నాడు. లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, గుర్తించే వైకల్యాలు ఏడు నుంచి 21కి పెరిగాయి. కానీ సదరం క్యాంపు పెట్టిన రోజున చెరుకు తోటలో ఉన్న పిల్ల ఏ లెక్కలోకీ రాదు. అప్పటి నుంచి ఆదివారాలు నోటుబుక్కు పట్టుకుని తిరుగుతున్నాను, ఆశా అక్కలతో, కొన్నిసార్లు నా స్టూడెంట్లతో. పేరు, తాండా, ఏ నెలలో ఊరు విడుస్తారు, ఏ ఫ్యాక్టరీ వైపు పోతారు. రెండో నోటుబుక్కు నడుస్తోంది. మొదటిది పూర్తయ్యాక దాని జిరాక్సు ఆ సారు టేబుల్ మీద పెట్టాను. చెరుకు సీజన్లో నెలకు రెండు రోజులు తోటల దగ్గరికి పోవడానికి బండి ఇస్తామని కాగితం వచ్చింది. డీజిల్ సంగతి అందులో లేదు. దానికి ఇంకో అర్జీ పెట్టాను.

నిరుడు శ్రావణంలో తీజ్‌కు అక్కవాళ్ల తాండాకు పోయాను. బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, పెండ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. అక్క కూతురికి పన్నెండేళ్లు నిండాయి. ఎదిగే వయసు, ఎముక పెరిగినంత తొందరగా కండరం పెరగదు, మళ్లీ బిగుసుకునే కాలం. కాలిపట్టీలు వేసుకుని రోజుకు గంటసేపైనా నిలబడాలని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. విసుగొస్తుందని నిలబడదు.

నేను పోయేసరికి పాట మొదలైంది. మంచె గుంజకు అక్క తన టుక్రితో పిల్ల నడుమును కట్టేసింది, గట్టిగా కాదు, వదులుగా, పడిపోకుండా. పిల్ల నిలబడి ఉంది. ఒక చేత్తో మంచె పట్టుకుని, ఇంకో చేత్తో చెంబు ఎత్తి తన బుట్టలో పోస్తోంది, పక్కవాళ్ల బుట్టల్లోనూ పోస్తోంది. ఇది నేను చెప్పింది కాదు. ఎంతసేపటి నుంచి నిలబడిందని అక్కను అడిగితే, "నాకేం తెలుసు, పాట అయిపోయేదాంక" అంది. నేను అలవాటు కొద్దీ వంగి మడమలు చూశాను. ఎడమది ఆనింది. కుడిది వేలెడు పైకి లేచి ఉంది.

పిల్ల చెంబు బోర్లించి చూసి, నా వైపు చాచింది. "మాసీ, పాణీ లా" అంది. నేను బోరింగు దగ్గరికి పోయాను.